యంత్రసత్యం, మానవసత్యం

ఒక రూపాన్ని విమర్శించబోయే ముందు అది కళేనా అన్నది తేల్చుకోవాలని కొందరు పట్టుబడతారు. నాకు ఆ పట్టుదల లేదు. సినిమా పుట్టిన కొత్తలో దాన్ని కళ కాదన్నారు. బుర్రకథను పామరుల కాలక్షేపమన్నారు. ఆ తీర్పులిచ్చినవారిని కాలమే పక్కకు తోసేసింది. మనుషులు గంటల తరబడి కూర్చుని, తమ ఊహనూ చదువునూ సంపాదననూ ధారపోస్తున్న వస్తువు ఏదైనా సరే, అది లోకాన్ని ఏ తీరుగా చూపుతున్నదని అడిగే హక్కు విమర్శకు ఉంది. కంప్యూటరు మీద నడిపే యుద్ధవిమాన సిమ్యులేటర్ల గురించి రాయడానికి నాకున్న అధికారం అంతే.

మరో కారణం కూడా ఉంది. మన విమర్శలో వాస్తవికత అన్నంతగా వాడి అరగదీసిన మాట మరొకటి లేదు. కథలో మాండలికం ఉంటే వాస్తవికత, పాత్ర చొక్కా చిరిగి ఉంటే వాస్తవికత అనే దాకా వచ్చాం. విచిత్రమేమిటంటే సిమ్యులేటర్ ఆడేవారు ఒకరినొకరు మెచ్చుకోవడానికీ తప్పుపట్టడానికీ వాడేది కూడా ఆ మాటే. ఒక విమానం బాగుందంటే వాస్తవంగా ఉందని అర్థం. ఒక ప్రదేశపటం బాగులేదంటే వాస్తవంగా లేదని అర్థం. మన మాటను ఇంత దీక్షగా వాడుతున్న మరో లోకంలోకి వెళ్ళి, అక్కడ దాని విలువ ఎంతో చూసి వస్తే, మన ఇంట్లో దాని విలువ ఎంతో కూడా తెలుస్తుంది. నా విద్యార్థుల్లో ఇద్దరు ముగ్గురికి ఈ అభిరుచి ఉంది. వాళ్ళ పక్కన కూర్చుని చూశాను, నేర్చుకున్నాను, కొంతకాలం నేనూ నడిపాను. ఆ పరిచయంతోనే ఇది రాస్తున్నాను.

తెలియనివారి కోసం రెండు మాటలు. ఇది మీట నొక్కితే తుపాకి పేలే ఆట కాదు. డీసీఎస్ వరల్డ్, ఇల్-2 స్టుర్మోవిక్, ఫాల్కన్ బీఎమ్ఎస్ అనేవి ఈ రంగంలో పేరున్న సిమ్యులేటర్లు. వీటిలో ఒక ఆధునిక విమానాన్ని కదిలించాలంటేనే ముందు బ్యాటరీ, తర్వాత ఇంధనం పంపులు, ఆపైన ఇంజన్లు, దిక్కు చూపే పరికరాలు, ఇలా ఒక్కొక్క స్విచ్చూ వరసగా వేసుకుంటూ పోవాలి. వరస తప్పితే విమానం లేవదు. 1998లో మైక్రోప్రోస్ సంస్థ విడుదల చేసిన ఫాల్కన్ 4.0తో పాటు పాఠ్యగ్రంథమంత లావున్న చేతిపుస్తకం వచ్చింది. దాన్ని చదివి, వల్లెవేసి, పరీక్షకు కూర్చున్నట్టు ఆటకు కూర్చున్నారు జనం. పరీక్షల కోసం కూడా అంత శ్రద్ధగా చదవని కుర్రవాళ్ళను చూసిన ఉపాధ్యాయుడిగా నేను ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోలేను.

ఈ యంత్రానికి వంశచరిత్ర ఉంది. 1929 ప్రాంతంలో అమెరికాలోని బింగ్‌హామ్టన్ పట్నంలో ఎడ్విన్ లింక్ అనే అతను, తండ్రి నడిపిన వాద్యాల కర్మాగారంలో ఆర్గన్‌లకు వాడే గాలితిత్తులనే ఉపయోగించి, నేలమీదే అటూ ఇటూ ఒరిగే ఉత్తుత్తి విమానం ఒకటి చేశాడు. సైన్యం మొదట దాన్ని పట్టించుకోలేదు. వినోదశాలల్లో పిల్లలూ పెద్దలూ డబ్బులిచ్చి ఎక్కే బొమ్మగా అది అమ్ముడుపోయింది. 1934లో అమెరికా సైన్యం తపాలా మోసే బాధ్యత తీసుకుని, చీకట్లో, మంచులో పరికరాల ఆధారంతో నడపడం రాని పైలట్లను పోగొట్టుకున్నప్పుడు గాని లింక్ యంత్రం విలువ దానికి తెలిసిరాలేదు. అప్పుడు ఆరు యంత్రాలు కొన్నది. అంటే పుట్టుకలోనే ఈ వస్తువుకు రెండు ముఖాలున్నాయి. ఒకటి తిరునాళ్ళ బొమ్మ, రెండోది సైన్యానికి పాఠశాల. ఆ రెండు ముఖాలూ ఈనాటికీ విడిపోలేదు. 2011లో వచ్చిన డీసీఎస్ ఎ-10సి, అమెరికా ఎయిర్ నేషనల్ గార్డ్ పైలట్ల శిక్షణకు తయారుచేసిన సిమ్యులేటర్ నుంచే పుట్టింది. సైనికుడికి పాఠమైనది మార్కెట్లో వినోదంగా అమ్ముడైంది. విమర్శకుడు ఈ సంగతిని మరవకూడదు. అలాగని దీనితోనే తీర్పు చెప్పి లేచిపోనూ కూడదు. వంశం చెప్పి మనిషిని కొట్టేయడం మన పద్ధతి కాదు.

వీళ్ళు ఇద్దరు కలిస్తే మొట్టమొదట మాట్లాడుకునేది చేతి పరికరాల గురించి. చేతికర్ర ఏది, థ్రాటిల్ ఏది, కాళ్ళతో తొక్కే పెడళ్ళు ఏవి, ఏ మీటకు ఏ పని అప్పగించావు. బయటివాళ్ళకు ఇది సామాన్ల మోజులా కనిపిస్తుంది. మోజు లేదనను. ఎ-10 విమానపు చేతికర్రకూ థ్రాటిల్‌కూ నకలుగా థ్రస్ట్‌మాస్టర్ సంస్థ 2010లో తెచ్చిన వార్థాగ్ పరికరాన్ని, లోహపు బరువు కోసమే చేతిలో పట్టుకుని మురిసిపోయేవారున్నారు. కాని ఆ సంభాషణను ఓపికగా వింటే లోపల ఒక గట్టి శిల్పసమస్య కనిపిస్తుంది.

నిజమైన విమానాల్లో చాలావాటిలో చేతికర్ర పొడుగ్గా ఉంటుంది, కాళ్ళ మధ్య నుంచి లేస్తుంది. బల్లమీది కర్ర జానెడు. నిజమైన కర్ర పదంగుళాలు కదిలే చోట ఇది రెండంగుళాలు కదులుతుంది. కనుక ఉన్నది ఉన్నట్టు కొలత పెడితే, చెయ్యి కాస్త వణికినా విమానం ముక్కు ఎగిరిపడుతుంది. అందుకని ఆటగాళ్ళు కర్ర నడిమి భాగంలో చురుకుతనం తగ్గించి, అంచుల్లో పెంచి, ఒక వంపు గీత గీసుకుంటారు. ఇంకొకటి. పాతకాలపు విమానాల్లో వేగం పెరిగేకొద్దీ గాలి ఒత్తిడికి కర్ర బిగుసుకుపోతుంది. జర్మనీవారి మెసర్‌ష్మిట్ 109 వేగంగా దూకుతున్నప్పుడు కర్రను పక్కకు వంచడానికి పైలట్‌కు రెండు చేతుల బలం కావలసివచ్చేది. బల్లమీది కర్రలో ఉండేది స్ప్రింగు. దానికి నెమ్మదీ వేగమూ తెలియదు, ఎప్పుడూ ఒకే బలంతో వెనక్కి లాగుతుంది. ఈ లోటు తీర్చడానికి చేతికి ఎదురుబలం తగిలేటట్టు మోటార్లు పెట్టిన కర్రలు వచ్చాయి. మైక్రోసాఫ్ట్ సంస్థ అలాంటిదాన్ని చేసి, తర్వాత మానేసింది. లాభం లేని చోట సత్యం ఎంత ఉన్నా పెట్టుబడి నిలవదు కదా. అభిరుచి ఉన్నవాళ్ళు ఆ పాత కర్రలను ఏళ్ళ తరబడి పాతసామాన్ల బజార్లలో వెతుక్కున్నారు, విప్పి బాగుచేసుకున్నారు.

చూపు సంగతి ఇంకా ఆసక్తికరం. ఆకాశంలో పోరాడేవాడు తల తిప్పి వెనక్కి చూడాలి. ఆటగాడు తల వెనక్కి తిప్పితే తెర కనబడదు. అందుచేత తల కదలికను పసిగట్టే ఒక చిన్న కెమెరా పెట్టి, తల పదిహేను డిగ్రీలు తిప్పితే తెరమీద చూపు నూటెనభై డిగ్రీలు తిరిగేటట్టు ఏర్పాటు చేసుకున్నారు. ఇది పచ్చి అబద్ధం. ఏ మనిషి మెడా అలా పనిచెయ్యదు. అయినా రెండు రోజుల్లో అలవాటైపోయి, ఆ అబద్ధం ద్వారానే శత్రువు వెనకనుంచి వస్తున్నాడన్న నిజం ఒంటికి తెలుస్తుంది. మన వీధినాటకంలో రంగస్థలం చుట్టూ ఒక్కసారి తిరిగితే కాశీకి వెళ్ళినట్టు. ప్రేక్షకుడు దాన్ని అబద్ధమనడు.

ఈ వివరాలన్నీ ఎందుకు చెబుతున్నానంటే, చేతి పరికరాల చర్చలో ఈ అభిరుచి కలవాళ్ళు మన విమర్శకులలో చాలామందికి తెలియని ఒక సూత్రాన్ని ఆచరణలో కనిపెట్టారు. ఉన్నది ఉన్నట్టు దించితే సత్యం రాదు. సత్యం చేతికి తగలాలంటే ఎంపిక కావాలి, మార్పు కావాలి, ఒక చోట తగ్గించి మరో చోట పెంచాలి. ఏది ముఖ్యమో, ఏది కాదో తెలిసి ఉండాలి. కర్ర విషయంలో వాళ్ళకు ఇది తెలుసు. ఈ మాటను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. ముందు దీంతో పని పడుతుంది.

ఇంకొక గుణాన్ని కూడా ఒప్పుకోవాలి. ఫాల్కన్ 4.0 మార్కెట్లో నిలవలేదు. 2000లో దాని మూల సంకేతలిపి బయటికి పొక్కింది. అప్పటినుంచి ఆటగాళ్ళే, జీతం లేకుండా, ఏళ్ళ తరబడి దాన్ని సరిదిద్దుతూ, పెంచుతూ వచ్చారు. ఈనాడు ఫాల్కన్ బీఎమ్ఎస్ పేరుతో నడుస్తున్నది ఆ సమష్టి శ్రమే. పాత ఆట సొంతంగా ఉన్నవారెవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కంపెనీ వదిలేసిన వస్తువును శ్రమించే చేతులు బతికించిన ఈ ఉదాహరణను, పెట్టుబడి లేనిదే సృష్టి లేదని వాదించేవారికి ధైర్యంగా చూపించవచ్చు.

ఇక రెండో చర్చ, రాబోయే విమానాలది. ఏ విమానం వస్తుంది, ఎప్పుడు వస్తుంది, ఎంతవరకు నిజంగా ఉంటుంది. విమానం నిజంగా ఉండాలంటే పత్రాలు కావాలి. పత్రాలు రాజ్యాల చేతుల్లో ఉంటాయి. కాబట్టి వీళ్ళ వాస్తవికతకు మొదటి హద్దు గీసేది రచయిత కాదు, సైనిక రహస్యం. 2025 జనవరిలో ఈగిల్ డైనమిక్స్ సంస్థ ఎఫ్-35ను తయారుచేస్తామని ప్రకటించినప్పుడు అభిమానుల్లోనే పెద్ద అలజడి రేగింది. దాని అసలు శక్తులు రహస్యమైనప్పుడు, మీరు చూపబోయేది నిజమని ఎలా చెబుతారని వాళ్ళు నిలదీశారు. బహిరంగంగా దొరికే ఆధారాలతో చేస్తామని సంస్థ జవాబిచ్చింది. ఆ ప్రశ్న వేసినవారిని నేను మనసారా అభినందిస్తాను. నమ్మదగిన ఆధారం లేనిదే నమ్మననడం శాస్త్రీయ దృష్టి. కాని ఇదే దీక్ష హద్దు మీరితే ఏమవుతుందో కూడా చూశాం. 2021లో వార్ థండర్ అనే ఆటలో బ్రిటిష్ ట్యాంకు కొలతలు తప్పని నిరూపించడానికి ఒక ఆటగాడు ఆ ట్యాంకు తాలూకు రహస్య పత్రాన్నే బయటపెట్టాడు. ఉక్కు మందం సరిగ్గా ఉండాలన్న తపన ముందు రాజ్యశాసనం కూడా చిన్నబోయింది. అంత తపన వేరే దిక్కుకు మళ్ళితే ఎంత బాగుండునని నాకు అనిపించింది.

ఈ ఎదురుచూపును వ్యాపారం చక్కగా వాడుకుంటున్నది. పూర్తి కాని విమానాన్ని ముందుగా అమ్మి, కొన్నవారి డబ్బుతో మిగతాది పూర్తిచేస్తామనడం ఇప్పుడు పరిపాటి. కొన్ని విమానాలు ఏళ్ళు గడిచినా అసంపూర్తిగానే ఉన్నాయి. 2024లో ఈగిల్ డైనమిక్స్‌కూ, దానికోసం ఎఫ్-15ఇ వంటి విమానాలు తయారుచేసిన రాజ్‌బామ్ సంస్థకూ మధ్య చెల్లింపుల తగాదా వీధికెక్కింది. తయారీ ఆగింది. డబ్బు పెట్టి కొన్నవాడు ఏ పక్షమూ కాకుండానే నష్టపోయాడు. అప్పటిదాకా ఆ విమానం ఒక అద్భుతం, ఒక ప్రాణి. తగాదా వచ్చిన రోజున గాని దాని వెనక ప్రోగ్రాము రాసినవాళ్ళున్నారనీ, వాళ్ళకు జీతాలు రావాలనీ చాలామందికి తట్టలేదు. సరుకు తనను చేసిన శ్రమను దాచిపెడుతుందన్న పాత సూత్రానికి ఇంతకంటే తేట ఉదాహరణ తరగతి గదిలో దొరకదు.

మూడో చర్చ ప్రదేశపటాలది. అసలు విషయం ఇక్కడుంది. పటం అంటే గోడమీద వేలాడేది కాదు. కొన్ని వందల మైళ్ళ భూమిని ఉపగ్రహ చిత్రాల ఆధారంతో కొండలతో, నదులతో, రోడ్లతో, ఊళ్ళతో కట్టిన ఆటస్థలం. కొత్త పటం వస్తుందంటే వీళ్ళు అడిగే ప్రశ్నలు ఇవి: విమానాశ్రయాలు ఎన్ని? రన్‌వే సంఖ్యలు సరిగ్గా ఉన్నాయా? చెట్ల సాంద్రత ఎంత? పేరున్న కట్టడాలు ఉన్నాయా? నా కంప్యూటరు తట్టుకుంటుందా?

2018లో డీసీఎస్‌కు పర్షియన్ గల్ఫ్ పటం వచ్చింది. అందులో ఇరాన్ తీరాన బందర్ అబ్బాస్ విమానాశ్రయం ఉంది. నీళ్ళకు అవతల దుబాయి విమానాశ్రయం ఉంది. రెండూ శ్రద్ధగా కట్టినవే. 1988 జూలై 3న ఆ మొదటి విమానాశ్రయం నుంచి రెండోదానికి బయలుదేరిన ఇరాన్ ఎయిర్ 655 ప్రయాణికుల విమానాన్ని, అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ క్షిపణులతో కూల్చింది. 290 మంది చనిపోయారు. వారిలో పదిమంది భారతీయులు. ఆ దారి సిమ్యులేటర్‌లో ఉంది. ఆటగాడు కావాలంటే ఆ దారినే ఎగరవచ్చు. నీటిరంగు కూడా బాగుంటుంది. కాని ఆ ఆకాశంలో ప్రయాణికులు లేరు. రాడార్ తెరమీది చుక్క శత్రువా, సెలవుకు ఇంటికి పోతున్న కుటుంబమా అని ఒక నిమిషంలో తేల్చుకోవలసిన భయంకరమైన ప్రశ్న ఆ పటంలో దానంతట అది పుట్టదు. ఆ జలసంధి మీద ఆధునిక యుద్ధం గురించి చెప్పదగిన సత్యాల్లో మొదటిది అదే.

అదే పటంలో దుబాయి మేడలు తళతళలాడుతుంటాయి. మన తెలుగువాడికి ఆ మేడలు కేవలం దృశ్యం కావు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి అప్పులు చేసి, ఏజెంట్లకు డబ్బు కట్టి వెళ్ళిన కూలీలు ఆ ఎండలో ఇనుము మోసి, కాంక్రీటు పోసి గల్ఫ్ నగరాలను లేపారు. కొందరు తిరిగొచ్చారు, కొందరు పెట్టెల్లో వచ్చారు. పటం చేసినవాడు ఆకాశహర్మ్యం ఎత్తును కొలిచాడు. లేబర్ క్యాంపు గదిలో ఎన్ని మంచాలున్నాయో కొలవలేదు. ఆ మంచాలన్నీ లెక్కగా చూపించాలని నేను కోరడం లేదు. ఆ ఎత్తు నుంచి చూస్తే శ్రమ కనిపించదనీ, మేడ మాత్రమే కనిపిస్తుందనీ, ఈ చూపు ఎవరిదో ఆలోచించమనీ అడుగుతున్నాను.

2020లో సిరియా పటం అమ్మకానికి వచ్చింది. 2011లో మొదలైన అంతర్యుద్ధం అప్పటికింకా ముగియలేదు. అలెప్పోలో నిజమైన ఇళ్ళు కూలిపోయి ఉన్నాయి. పటంలోని అలెప్పో మీద ఆటగాళ్ళు ఇళ్ళ నాణ్యత గురించి మాట్లాడుకున్నారు. వాళ్ళు దుర్మార్గులని కాదు. చాలామంది ఎంతో సాధువులు, ఉద్యోగస్తులు, పిల్లలున్నవాళ్ళు. రూపం వాళ్ళకు ఆ ప్రశ్నే అందిస్తున్నది. డీసీఎస్‌లో రోడ్ల మీద పౌరవాహనాలు తిరిగే ఏర్పాటు ఒకటి ఉంది. ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, అసలు వద్దు అని నాలుగు మెట్లు. కంప్యూటరుకు భారం తగ్గించుకోవడానికి దాన్ని మూసేసుకొమ్మని అనుభవజ్ఞులు సలహా ఇస్తారు. పౌరులు యంత్రానికి భారం! ఎవరూ వ్యంగ్యంగా అన్న మాట కాదది. సాంకేతిక సలహా. అందుకే దానిలో అంత సత్యముంది.

ఇప్పుడు మన వాదానికి వద్దాం. సాహిత్యంలో సహజవాదానికీ వాస్తవికతకూ భేదం ఉంది. సహజవాది కంటికి కనిపించినదంతా వర్ణిస్తాడు. గోడమీది బొగ్గుగీతలు లెక్కపెడతాడు. ఏది దేనికి కారణమో మాత్రం చెప్పడు. వాస్తవికవాది వివరాలను వదిలేయడానికైనా సిద్ధపడతాడు గాని సంబంధాలను వదలడు. మనిషికీ మనిషికీ, పనికీ ఫలితానికీ మధ్యనున్న లంకెను అతను పట్టుకుంటాడు. ఈ కొలత పెడితే, యుద్ధవిమాన సిమ్యులేటర్ సహజవాదపు పరాకాష్ఠ. ఒక రివెట్ కూడా తప్పిపోదు, ఒక కారణం కూడా కనిపించదు. బాంబు బరువు తెలుసు, అది పడే కోణం తెలుసు, పడినచోట ఎవరున్నారో తెలియదు.

పికాసో 1937లో గెర్నికా చిత్రం వేశాడు. ఆ ఏడు ఏప్రిల్ 26న ఆ ఊరిమీద విమానాలు బాంబులు కురిపించిన దారుణమే దాని వస్తువు. అంత పెద్ద చిత్రంలో ఒక్క విమానం కూడా లేదు. గుర్రం ఉంది, ఎద్దు ఉంది, చచ్చిన బిడ్డను ఎత్తుకున్న తల్లి ఉంది. విమానం కొలతలు ఒక్కటీ లేకుండా విమానదాడిని గురించిన పరమసత్యం అందులో ఉంది. మన సిమ్యులేటర్ ఆ చిత్రానికి సరిగ్గా తలకిందులు. ఇక్కడ విమానం తప్ప మరేమీ లేదు. విమానం కింద ఉండటమంటే ఏమిటో మనకూ బొత్తిగా తెలియనిది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఊళ్ళకు ఊళ్ళు మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకు పోయాయి. ఆ తరంవాళ్ళు ఆ విమానం పేరు చెప్పలేకపోయేవారు. దాని శబ్దం మాత్రం వాళ్ళకు చివరిదాకా గుర్తు.

నా మాటకు మూడు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. ఇది ఆటేకదా అన్నది మొదటిది. ఆట అనుకుంటే వాస్తవికత అనే బిరుదు వదులుకోవాలి. చదరంగం ఆడేవాడు తన ఏనుగు నిజంగా ఉందని చెప్పడు. వీళ్ళు నిజమని అంటున్నారు కాబట్టే నేను నిజం గురించి అడుగుతున్నాను.

రెండోది: శవాలను, రక్తాన్ని చూపమంటావా, అది ఇంకా నీచం కాదా? అవును, నీచమే. నేను అడిగింది అది కాదు. నెత్తురు చూపడం కూడా సహజవాదమే, ఇంకాస్త చౌకరకం. తల పదిహేను డిగ్రీలు తిప్పి నూటెనభై డిగ్రీల నిజం సాధించిన చాతుర్యం ఉన్నవాళ్ళు, ఒక్క శవాన్నీ చూపకుండా ఒక ప్రాణం విలువను ఆటగాడికి తెలియజేయలేరా? చేతికర్రకు వర్తించిన శిల్పసూత్రం మనిషికి ఎందుకు వర్తించదు? చేతకాక కాదు. కొనేవాడు అడగలేదు, అమ్మేవాడికి అవసరం లేదు.

మూడోది గట్టిది. నా విద్యార్థి ఒకడు ఇలా అన్నాడు: "మాస్టారూ, నిజమైన పైలట్‌కు కూడా ఇరవైవేల అడుగుల నుంచి అంతే కనిపిస్తుందండీ. అతనికి కనబడనిది మాకూ కనబడదు. మరి ఇది వాస్తవమే కదండీ?" చాలా తెలివైన మాట. పైలట్ గుడ్డితనాన్ని సిమ్యులేటర్ నిజాయితీగా చూపుతున్నదని ఒప్పుకుంటాను. అయితే గుడ్డివాడి కథ రాసే రచయిత తానూ గుడ్డివాడు కానక్కరలేదు. కథలో పాత్రకు తెలియనిది పాఠకుడికి తెలిసినప్పుడే ఆ తెలియకపోవడానికి అర్థం వస్తుంది. పైగా ఆ ఎత్తు కేవలం ప్రకృతి ఇచ్చినది కాదు. చంపేవాడికి చచ్చేవాడు కనిపించకుండా ఉండే దూరాన్ని ఆధునిక సైన్యం కోరి నిర్మించుకుంది. ఆ దూరాన్ని ప్రశ్న లేకుండా అందుకుని ఆనందించడం ఆ సైన్యం దృష్టిని మన దృష్టిగా చేసుకోవడమే. సైనిక పాఠశాల ముఖం ఆట ముఖం లోంచి తొంగిచూసేది ఇక్కడే.

అలాగని ఈ రూపం నిజం చెప్పలేదని తీర్మానిస్తే అది అన్యాయం. ఒక్క ఉదాహరణ చాలు. 2014లో డీసీఎస్‌కు మిగ్-21బిస్ వచ్చింది. మన దేశపు విమానదళంలో ఆరు దశాబ్దాలు పనిచేసి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్న విమానం ఆ వంశానిదే. దాని ఎలెక్ట్రానిక్ పరికరాలు తయారుచేయడానికే 1965లో హైదరాబాదులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ శాఖ పెట్టారు. దుండిగల్ అకాడెమీలో శిక్షణ మొదలుపెట్టిన కుర్రవాళ్ళెందరో చివరికి ఆ విమానమెక్కారు. సిమ్యులేటర్‌లో దాన్ని దించబోయి చూడండి. చిన్న రెక్కలు, గంటకు మూడువందల కిలోమీటర్లు దాటిన వేగం. నేల మీదకు వచ్చేటప్పుడు ఇంజను గాలిని ఫ్లాపుల మీదికి ఊది ఎత్తు నిలిపే ఏర్పాటు ఉంది. కంగారులో థ్రాటిల్ మరీ వెనక్కి లాగామా, ఆ గాలి తగ్గిపోయి విమానం రాయిలా జారుతుంది. నేను పదిసార్లు ప్రయత్నించి పదిసార్లూ కూల్చాను. అప్పుడు నాకు వార్తాపత్రికల్లో ఏళ్ళ తరబడి చదివిన చిన్న చిన్న వార్తలు అర్థమయ్యాయి.

2012లో రక్షణమంత్రి ఎ.కె. ఆంటొనీ పార్లమెంటుకు ఒక లెక్క చెప్పారు. కొన్న 872 మిగ్ విమానాల్లో 482 ప్రమాదాల్లో పోయాయి. 171 మంది పైలట్లు చనిపోయారు. 39 మంది పౌరులు కూడా చనిపోయారు. కిరణ్ వంటి నెమ్మది శిక్షణ విమానం దిగి కుర్రవాడు నేరుగా మిగ్-21 వంటిదాని ఎక్కడం ప్రమాదమనీ, నడుమ మరొక మెట్టు కావాలనీ 1982లోనే లా ఫాంటేన్ కమిటీ చెప్పింది. ఆ మెట్టు, హాక్ విమానం, 2008లో వచ్చింది. నడుమ ఇరవయ్యారేళ్ళు. పైలట్ తప్పిదమని ఒక్క మాటలో తేల్చేసిన వార్త వెనక, ఆ ఇరవయ్యారేళ్ళ ఆలస్యం ఎంత బరువుదో చేతికర్ర నాకు చెప్పింది. ఏ వ్యాసమూ అంత స్పష్టంగా చెప్పలేదు. ఇక్కడ యంత్రసత్యం మానవసత్యానికి దారి తీసింది. అయితే ఆ రెండో సగం నేను బయటినుంచి తెచ్చుకున్నది. సిమ్యులేటర్‌లో నేను పదిసార్లు కూలిన పొలంలో ఎవరూ లేరు. ఆ 39 మంది అలాంటి పొలాల్లోనూ ఇళ్ళలోనూ ఉన్నవాళ్ళే.

కనుక నేను కోరేది బహిష్కారం కాదు. ఈ సిమ్యులేటర్లలో ఆటగాడే ఘట్టాలు రాసుకునే సాధనం ఉంది. ఎవరు ఎక్కడ ఉండాలి, ఏ ఆజ్ఞ రావాలి, ఏది జరిగితే ఏది జరగాలి అన్నీ అతనే నిర్ణయించవచ్చు. అంటే కథారచనకు పరికరం చేతిలో ఉంది. ఇన్నాళ్ళూ దానితో రాసిన కథల్లో ఎక్కువ భాగం లక్ష్యం, దాడి, తిరుగుప్రయాణం. లక్ష్యం తప్పని దారిలో తెలిసిపోయిన పైలట్ కథ రాయవచ్చు. బాంబు వేయకుండా తిరిగి రావడమే గెలుపైన ఘట్టం రాయవచ్చు. బందర్ అబ్బాస్ నుంచి దుబాయికి పోయే ప్రయాణికుల విమానాన్నే నడపమని ఇచ్చి, కింద ఒక నౌక ఉందని చెప్పవచ్చు. ఒక్క కొత్త స్విచ్చూ అక్కరలేదు.

2024లో ఇల్-2 తయారీదారులు కొరియా యుద్ధాన్ని తర్వాతి వస్తువుగా ప్రకటించారు. మిగ్-15, సేబర్ విమానాల తూనికలు, కొలతలు గురించి అప్పుడే చర్చలు సాగాయి. ఆ యుద్ధంలో ఉత్తర కొరియా పట్నాలు చాలావరకు నేలమట్టమయ్యాయి. నాపామ్ అగ్ని పల్లెల మీద కురిసింది. మన దేశం అక్కడికి పంపినది యుద్ధవిమానాలను కాదు, గాయపడినవారికి కట్టుకట్టే వైద్యదళాన్ని. ఈ పటం గురించి మన కుర్రవాళ్ళు మాట్లాడుకునేటప్పుడు, రన్‌వేలు ఎన్ని అని తప్పక అడగనివ్వండి. అది కూడా జ్ఞానమే. దాని పక్కన ఇంకొక్క ప్రశ్న చేర్చమని ఉపాధ్యాయులు చెప్పాలి: ఈ ఊళ్ళో ఎవరుండేవారు? తయారీదారుడు దానికి జవాబు చెప్పకపోవచ్చు. ప్రశ్న వేయడం నేర్చిన కుర్రవాడు జవాబు కోసం పుస్తకం తెరుస్తాడు.